పద్మిని పూర్వజన్మ

రతిశాస్త్రకారులు స్త్రీలను పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని నాలుగు జాతులుగా విభజించి పద్మినికి అగ్రతాంబూలం ఇచ్చినారు. దానికి చితోడ్ రాణి కథ కూడ తోడై, ఆ పేరు ఉత్తరాదిన సౌందర్యానికి పర్యాయపదమైనది. 1974లో బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ తాను తయారు చేసే ఫియట్ కారుకు ఏరి కోరి ఆ పేరే పెట్టుకున్నది. మా నల్లగొండ, పాలమూరు వైపు మాత్రం ఆ నామకరణ మహోత్సవాన్ని పట్టించుకున్నవారు తక్కువ. పద్మిని అన్నా, అంతకు ముందరి డిలైట్ అన్నా, జనం నోట అది ఫియట్టే. మంది ఎక్కువైతే అంబాసిడరు, పెట్రోలు పొదుపు కావలెనంటే ఫియట్టు అని కిరాయి కారు మాట్లాడుకునే కాలం అది.

ఈ టపా ఆ కారును గురించి కాదు, దాని బానెట్టు కింద ఉండిన ఇంజనును గురించి. ఆ ఇంజనుకు ఒక పూర్వజన్మ ఉన్నది. మనం దానిని బరువులు మోసే ఎద్దుగా చూచినాము. ఇటలీలో అదే ఇంజను యౌవనంలో పందెపు గుర్రం. నేడు కోట్లాది రూపాయలు పలికే ఇటాలియన్ స్పోర్ట్స్ కార్ల వంశవృక్షంలో దానికి గౌరవప్రదమైన స్థానమే ఉన్నది. ఒకే ఇంజను రెండు దేశాలలో రెండు విధాలుగా బ్రతికిన తీరును పక్కపక్కన పెట్టి చూస్తే, మన చేతిపనివారి చరిత్రలో మనం వ్రాయక వదిలిన పుట ఒకటి కనబడుతుంది.

ముందుగా కొంచెం గణితం. భయపడవద్దు, ఎనిమిదవ తరగతి లెక్కయే. ఈ ఇంజనుకు నాలుగు సిలిండర్లు. సిలిండరు లోపలి వ్యాసాన్ని మెకానిక్కులు బోరు అంటారు, అది 68 మిల్లీమీటర్లు. అందులో పిస్టన్ పైకీ కిందకూ కదిలే దూరాన్ని స్ట్రోకు అంటారు, అది 75 మిల్లీమీటర్లు. స్తూపం ఘనపరిమాణం కనుగొని నాలుగుతో గుణించండి. 1089 ఘన సెంటీమీటర్లు వస్తుంది. దీనినే లోకం 1100 ఇంజను అన్నది. ఇటాలియన్ భాషలో 'మిల్లెచెంతో', అనగా పదకొండు వందలు.

68, 75 అనే ఈ జంట సంఖ్యలు 1937లో ట్యూరిన్ నగరంలో పుట్టినవి. ఫియట్ సంస్థ 1932 నుండి బలిల్లా అనే సామాన్యుల కారును అమ్ముతూ ఉండెను. దాని ఇంజను 995 ఘన సెంటీమీటర్లు. దానికి బదులుగా 508 సి అనే కొత్త నమూనాను తెచ్చినారు. రూపకల్పనకు సూత్రధారి డాంటే జాకోసా, అప్పటికి ముప్పై రెండేండ్ల యువకుడు. అంతకు ముందరి సంవత్సరమే తొపొలీనో, అనగా చిట్టెలుక, అని పేరు పొందిన బుల్లి ఫియట్ 500ను నిలబెట్టిన ఖ్యాతి ఆయనది.

పాత బలిల్లా ఇంజనులో వాల్వులు సిలిండరు పక్కన ఉండేవి. గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం పక్క నుండి వంకర తిరిగి లోపలికి రావలసి వచ్చేది. కొత్త ఇంజనులో వాల్వులను నెత్తి మీదికి, అనగా హెడ్డులోనికి, మార్చినారు. శ్వాస తిన్నగా అందినది. శక్తి 32 గుర్రాలు. నేటివారికి నవ్వు వస్తుంది కాని, సామాన్యులు కొనే కారుకు ఆనాడు అది తక్కువేమీ కాదు. ఇంజను ఎంత పెద్దదైతే పన్ను అంత ఎక్కువ, పెట్రోలు ప్రియం, జనం పేదలు. ఇటలీ చిన్న ఇంజనును ఎంచుకొనడానికి కారణం ముచ్చట కాదు, అవసరం. మరొక మేలు కూడ కలిసి వచ్చినది. మోటారు పందేలలో 1100 ఘన సెంటీమీటర్ల లోపు ఇంజనులకు ప్రత్యేకమైన తరగతి ఉండేది. 1089 ఆ గీతకు సరిగ్గా లోపల నిలిచినది. సంతలో కొన్న ఎద్దునే పందేనికి కట్టవచ్చునన్నమాట.

ఆ మాట ముందుగా గ్రహించినవారిలో ఎంజో ఫెరారీ ఒకడు. 1939లో ఆయన ఆల్ఫా రోమియో సంస్థ నుండి బయటికి వచ్చినాడు. నాలుగు సంవత్సరాల పాటు తన పేరుతో పందేలలోనికి దిగరాదని ఒప్పందం. కనుక ఆయన మొదెనా పట్టణంలో నడిపిన కార్ఖానాకు ఫెరారీ పేరు లేదు, ఆటో ఆవియో కోస్త్రుత్సియోని అని పేరు. ఆ సంవత్సరం చివరలో ఇద్దరు యువకుల కోసం రెండు పందెపు కార్లు చేయడానికి ఒప్పుకొన్నాడు. పందెం 1940 ఏప్రిల్ 28న. చేతిలో ఉన్నవి నాలుగు నెలలు. సున్న నుండి ఇంజను గీచి, పోత పోసి, పరీక్షించే వ్యవధి లేదు. ఆయన వద్ద పనిచేసిన అల్బెర్తో మస్సిమీనో ఒక ఉపాయం చేసినాడు. ఫియట్ 1100 హెడ్డులు రెండింటిని ఒకదాని వెనుక ఒకటి అమర్చి, కింద ఎనిమిది సిలిండర్ల అల్యూమినియం దిమ్మెను కొత్తగా పోత పోయించినాడు. ఎనిమిది సిలిండర్లు, ఒకటిన్నర లీటరు. అందుకే ఆ కారు పేరు 815.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. మస్సిమీనో ఫియట్ హెడ్డులను తీసుకున్నాడు గాని 68, 75 కొలతలను తీసుకోలేదు. బోరును 63కు, స్ట్రోకును 60కి మార్చినాడు. 1500 గీతకు లోపల 1496 వచ్చినది. కారణం చెబుతాను. ఒక చుట్టుకు పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందకి పోతుంది. 75 మిల్లీమీటర్ల స్ట్రోకుతో నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పిస్టన్ సగటు వేగం సెకనుకు 10 మీటర్లు. స్ట్రోకు 60 అయితే అదే 10 మీటర్ల వేగానికి 5000 చుట్లు తిరగవచ్చును. దూరం తగ్గితే లోహం మీది ఒత్తిడి పెరగకుండానే ఎక్కువ చుట్లు దొరుకుతాయి, చుట్లు పెరిగితే శక్తి పెరుగుతుంది. ఈ లెక్కను గుర్తు పెట్టుకొనండి, మళ్లీ అవసరపడుతుంది.

పందెంలో రెండు కార్లూ చివరి దాకా నిలువలేదు. మొదటి దానిని నడిపిన అల్బెర్తో అస్కారి ఆరంభంలోనే ఆగిపోయినాడు. రెండవ దానిలో రంగోని మాకియవెల్లి తన తరగతిలో ముందంజలో ఉండి కూడ యంత్రం మొరాయించి తప్పుకున్నాడు. యుద్ధం ముంచుకొచ్చినది. ఫెరారీ పేరుతో మొదటి కారు 1947లో గాని రాలేదు. దానిలోని పన్నెండు సిలిండర్ల ఇంజనుకు ఫియట్‌తో చుట్టరికం లేదు. ఆ అస్కారియే 1952, 1953 సంవత్సరాలలో ఫెరారీ కారులో ప్రపంచ విజేత అయినాడు. అయినా ఫెరారీ తన సొంత కార్ఖానాలో వేసిన మొదటి అడుగు మన పద్మిని అమ్మమ్మ భుజం పట్టుకొని వేసినదే.

యుద్ధానంతర ఇటలీలో ఇనుము కరువు, పెట్రోలు కరువు, డబ్బు కరువు. ఫియట్ 1100 భాగాలు మాత్రం దొరికేవి. ట్యూరిన్ వ్యాపారి పియెరో దూజియో, ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు, చిజితాలియా అనే సంస్థను పెట్టి తక్కువ ఖర్చులో పందెపు కారు చేయవలెనని సంకల్పించినాడు. నమూనా గీచి ఇమ్మని ఎవరిని అడిగినాడనుకున్నారు? ఆ ఇంజనును కన్న జాకోసానే. ఆయన సైకిలు చట్రం వలె ఉక్కు గొట్టాలను అతికించి తేలికైన చట్రం గీచినాడు. 32 గుర్రాల ఇంజను నుండి 60 పైచిలుకు గుర్రాలు రాబట్టినారు. అదే డి 46. 1946 సెప్టెంబరులో ట్యూరిన్‌లో జరిగిన కొప్పా బ్రెత్సి పందెంలో ఆ చిన్న కార్లు మొదటి స్థానాలను ఆక్రమించినవి, దూజియో తానే గెలిచినాడు. అందులో ఒకదానిని నడిపిన వృద్ధసింహం తాజియో నువొలారికి స్టీరింగు చక్రం ఊడి చేతిలోనికి వచ్చినదట. ఆయన దానిని పైకెత్తి చూపుతూ, మిగిలిన కడ్డీనే పట్టుకొని కారును నడిపించుకు వచ్చినాడు.

మరుసటి సంవత్సరం ఇంకా గొప్పది. 1947 జూన్, మిల్లె మిలియా. ఇటలీ బజారు రోడ్ల మీద సాగే దాదాపు వెయ్యి మైళ్ల పందెం. నువొలారికి 54 ఏండ్లు, ఆరోగ్యం అంతంత మాత్రం. చేతిలో చిజితాలియా 202, దానిలో అదే 1089 ఇంజను. ఎదుట బియొందెత్తి నడిపే ఆల్ఫా రోమియో, 2.9 లీటర్లది. ఇంచుమించు మూడింతల ఇంజనును వెనుకకు నెట్టి నువొలారి చాలా దూరం అగ్రస్థానంలో నిలిచినాడు. జోరువానలో కారు తడిసి నిప్పురవ్వ అందక ఆగిపోవడంతో విలువైన నిమిషాలు పోయినవి. కడకు రెండవ స్థానం. మొదటివాని పేరు కన్న రెండవవాని పేరును లోకం ఎక్కువగా తలచుకునే అరుదైన పందెం అది. అదే 202 కారుకు పినిన్ ఫరీనా తొడిగిన మూతకారు రూపాన్ని 1951లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల తన మోటారుకార్ల ప్రదర్శనలో నిలిపినది, తరువాత శాశ్వత సేకరణలో చేర్చుకున్నది. శిల్పాల సరసన నిలిచిన ఆ కారు మూత ఎత్తితే కనబడేది పద్మిని ఇంజనుకు తోబుట్టువే.

మొదెనాలోనే స్తాంగ్వెల్లీని అనే కుటుంబం ఫియట్ ఏజెన్సీ నడుపుతూ, ఆ 1100 ఇంజనుకే మెరుగులు దిద్ది చిన్న పందెపు కార్లు చేసేది. 1958లో ఇటలీలో ఫార్ములా జూనియర్ అనే తరగతి మొదలైనది. ఇంజను బజారులో అమ్మే కారుదై ఉండవలెనన్నది అందులోని ప్రధాన నియమం. స్తాంగ్వెల్లీని కార్లు తొలి రోజులలో దానిని ఏలినవి. తరువాత ఇంగ్లండు నుండి ఫోర్డు ఇంజను బిగించిన లోటస్, కూపర్ కార్లు వచ్చినవి. ఆ ఫోర్డు ఇంజను 997 ఘన సెంటీమీటర్లే, ఇంకా చిన్నది. కాని దాని స్ట్రోకు 48.4 మిల్లీమీటర్లు. మనం కట్టిన లెక్క ప్రకారం పిస్టన్ వేగం సెకనుకు 10 మీటర్లు కావలెనంటే అది దాదాపు 6200 చుట్లు తిరగవచ్చును. 75 స్ట్రోకు మిల్లెచెంతోకు అవే 4000 చుట్లు. 1960 నాటికి దాని పందెపు వయస్సు ముగిసినది. ఇటలీలో ఆ 1100 కార్ల తయారీ కూడ 1969తో ఆగిపోయినది.

ఇక మన కథ. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ సంస్థ, బొంబాయి కుర్లా కర్మాగారంలో 1954 నుండి ఫియట్ 1100 కార్లను తయారు చేసినది. 1964లో డిలైట్, 1974లో పద్మిని. 2000 ప్రాంతంలో తయారీ ఆగే వరకు ఇంజను కొలతలు అవే, 68, 75. శక్తి 40 గుర్రాల దాపు. 1937 నుండి లెక్కిస్తే అరవై ఏండ్లకు పైబడిన ఆయుర్దాయం. ఇటలీలో ఇరవై మూడేండ్లలో పుట్టి, పందెం గెలిచి, ఓడి, విశ్రమించిన ఇంజను మన వద్ద మరి నలభై ఏండ్లు మారకుండా నడిచినది.

ఇందుకు ఇంజను తప్పు ఏమీ లేదు. 1953 టారిఫ్ కమిషన్ తరువాత, భాగాలు తెచ్చి బిగించడం మాత్రమే చేసే విదేశీ కంపెనీలు వెళ్లిపోయినవి. మన దేశంలో కారు తయారు చేసేవారు ముగ్గురే మిగిలినారు: కలకత్తా సమీపంలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. ఎన్ని కార్లు చేయవలెనో లైసెన్సు చెప్పేది. కొనేవారు డబ్బు కట్టి సంవత్సరాల తరబడి వరుసలో నిలువవలసినదే. వరుస అంత పొడుగ్గా ఉన్నప్పుడు ఇంజను మార్చవలెనన్న తొందర ఎవరికి పుడుతుంది? 1983 డిసెంబరులో 796 ఘన సెంటీమీటర్ల మారుతి వచ్చినదాకా ఆ ప్రశ్నే తలెత్తలేదు.

కర్మాగారం మార్చని ఇంజనును మా రోడ్లు మాత్రం వదలలేదు. హైదరాబాదు నుండి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా విజయవాడకు ఒక దారి. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలుకు మరొకటి. ఈ పెద్ద రోడ్లు దిగితే దేవరకొండకైనా కల్వకుర్తికైనా ఆనాడు దుమ్ము, రాయి, ఎండ. మా నేలలో నీరు ఎంత కఠినమో ఫ్లోరైడు పుణ్యమా అని లోకమంతటికీ తెలుసు. ఆ నీటిని రేడియేటరులో పోస్తే పొలుసు కట్టి, వేడి తగ్గక, ఇంజను ఉడికేది. దుమ్ము లోపలికి పోయి సిలిండరు గోడలను అరగదీసేది. పొగ నీలంగా వచ్చి, నూనె తాగడం మొదలైతే "ఇంజను బోరుకొచ్చింది" అనేవారు.

బోరు అనే పని ఏమిటి? అరిగిన సిలిండరును లేతు పనివారు గుండ్రంగా మళ్లీ కోసి, కొంచెం పెద్ద పిస్టన్లు, రింగులు వేస్తారు. పది, ఇరవై, ముప్పై, నలభై అని నంబర్లు. అవి అంగుళంలో వెయ్యో వంతులు. నలభై నంబరు దాకా పోయిన ఫియట్ సిలిండరు వ్యాసం 68 నుండి 69కి చేరుతుంది. లెక్క కట్టి చూడండి, ఇంజను 1089 కాదు, 1122 అవుతుంది. మొదెనా పనివారు వేగం కోసం సిలిండరు కోసినారు. మావారు ఆయుష్షు కోసం కోసినారు. నలభై కూడ దాటితే లోపల ఇనుప గొట్టం దించి, అనగా స్లీవు వేసి, తిరిగి 68కి తెచ్చేవారు. అది ఇంజనుకు పునర్జన్మ. పిస్టన్లు, రింగులు సికింద్రాబాదు రాణీగంజు నుండి బస్సు మీద వచ్చేవి.

నల్లగొండలో ఒక మేస్త్రి ఉండెను. బడి మెట్లు ఎక్కినవాడు కాదు. ఇంజను హెడ్డు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, ఏ వాల్వు సందు పెరిగినదో చెప్పేవాడు. ఇన్ని ఏండ్ల ఇంజను ఇంకా ఎన్నాళ్లని నేను అడిగితే, "ఇంజను సావదు సారూ, మనం ఇడిసిపెడ్తెనే సస్తది" అన్నాడు.

స్తాంగ్వెల్లీని కార్ఖానాకూ ఈ మేస్త్రి షెడ్డుకూ తేడా లేదని నేను అనను. ఇంజనును బ్రతికించడం వేరు, మార్చడం వేరు. కొత్త హెడ్డు కావలెనంటే పోత పోసేవాడు కావలె, గీచేవాడు కావలె, వేసి చూచుకొనడానికి పందెం కావలె, గెలిస్తే కొనేవాడు కావలె. మొదెనాలో ఇవన్నీ ఒక్క పూట ప్రయాణంలో దొరికేవి. మా మేస్త్రికి దొరికినది రాణీగంజు బస్సు ఒక్కటే. అవకాశం ఉన్న చోట మనవారూ చేయి చూపినారు. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద పందేలు జరిగిన రోజులలో, మెరుగులు దిద్దిన ఫియట్లు వేగంగా పరుగెత్తినవి. పాలమూరు కూలీ దేశమంతట ఆనకట్టలు కట్టి కూడ తన పేరు ఏ శిలాఫలకం మీద చూచుకోలేదు. మా మెకానిక్కుల గతి కూడ ఇంతే.

తరువాత మరొక ఇటాలియన్ చిన్న ఇంజను మన దేశానికి వచ్చినది. 2003లో ఫియట్ లోకానికి చూపిన మల్టీజెట్ డీజిలు ఇంజను, 1248 ఘన సెంటీమీటర్లది. స్విఫ్టు మొదలు అనేక కార్లలో అది చేరి, 2020లో కాలుష్య నియమాలు మారి మారుతి డీజిలును వదిలే వరకు మన జిల్లాల రోడ్లన్నీ తిరిగినది. 2006 బడ్జెటు చిన్న కార్లకు పన్ను తగ్గిస్తూ నాలుగు మీటర్ల పొడవు, పెట్రోలుకు 1200, డీజిలుకు 1500 అని గీతలు గీచినది. 1937 ఇటలీలో వలెనే, చిన్న ఇంజనుకు మళ్లీ పన్నే మంత్రసాని. అయితే ఈ ఇంజనులో కంప్యూటరు ఉన్నది. చెవికి స్క్రూడ్రైవరు ఆనించిన విద్యకు అక్కడ చోటు లేదు.

బొంబాయి వీధులలో టాక్సీలుగా మిగిలిన పద్మినులు కూడ 2023 అక్టోబరుతో సెలవు తీసుకున్నవి. పత్రికలు వాటికి వీడ్కోలు వ్యాసాలు వ్రాసినవి. స్తాంగ్వెల్లీని కార్లకు మొదెనాలో ప్రదర్శనశాల ఉన్నది. మా షెడ్లకు ఏమీ లేదు. అక్కడ పనిచేసినవారిలో చాలామంది ఇప్పుడు డెబ్భై దాటినవారు. బ్లాగ్మిత్రులలో ఎవరికైనా అట్టి పాత మేస్త్రి పరిచయం ఉంటే, పండుగకు ఊరికి పోయినప్పుడు ఒక గంట కూర్చొని మాట్లాడండి. పని ఎవరి వద్ద నేర్చినాడో, కొలత సాధనం లేని రోజులలో అరుగుదలను వ్రేలితో ఎట్లు గుర్తించేవాడో, ఒక ఫియట్టును ఎన్నో నంబరు బోరు దాకా నడిపించినాడో అడగండి. ఆయన చెప్పిన మాటలను, ఆయన చెప్పిన యాసలోనే, మీ పుటలో వ్రాసి పెట్టండి.